అరికాలి పొర

నేను ఒక స్పీకరు పెట్టెను. జతలో కుడిదాన్ని. ఈ రెండో మాట లేకుండా మొదటి మాటకు అర్థం లేదని మనుషులు ఆలస్యంగా తెలుసుకున్నారు. నాకు మాత్రం పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి చేయగలిగింది ఏమీ లేదు కనుక, భయపడుతూ వచ్చాను.

నా భయం పిరికితనం కాదు, నా నిర్మాణంలోనే ఉన్న గుణం. చూసినవారు నన్ను నిలువెల్లా రోజ్‌వుడ్ అనుకుంటారు. "ఎంత చేవ ఉన్న కర్రో!" అని అరచేత్తో చరుస్తారు. నిజానికి లోపల ఉన్నది మామూలు ప్లైవుడ్. పైన తమలపాకంత మందాన రోజ్‌వుడ్ పొర. నా పరువు, నా అందం, నా పేరు అన్నీ ఆ తమలపాకులోనే ఉన్నాయి. ఎవరైనా గోటితో గీరితే చాలు, గుట్టు బయటపడుతుంది. ఇలాంటివాళ్లు మనుషుల్లోనూ ఉంటారని విన్నాను. వాళ్లూ నాలాగే ఉలిక్కిపడుతూ ఉంటారేమో తెలియదు.

నన్ను చేయించినవాడు చిదంబరం. విశాఖపట్నంలో ఫిట్టరు పని చేసేవాడు, పాటంటే ప్రాణం పెట్టేవాడు. లోపలి సామాను మద్రాసు నుంచి తెప్పించి, పెట్టెల పని విజయనగరంలో హార్మోనియంలు చేసే సూర్యం ఆచారికి అప్పగించాడు. ఆచారి ఒకే దుంగ నుంచి వరసగా కోసిన పొరలు తీసుకుని, ఒకటి నాకు, దాని పక్కది ఎడమదానికి అతికించాడు. అందువల్ల మా ఇద్దరి మీది చారలు అద్దంలో చూసుకున్నట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఎవరికీ కనబడని అడుగుభాగానికి కూడా అదే పొర వేశాడు. ఎందుకని చిదంబరం అడిగితే, "చూసేవోడు లేడని కర్రకి తెలీదు కదండీ. అన్ని పక్కలా తొడుగుంటేనే తిన్నగా నిలబడతాది" అన్నాడు. పొరను అతికించింది తోలు కాచి తీసిన జిగురుతో. ఆ జిగురు వేడికీ తేమకూ లొంగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, తర్వాత జరిగినవన్నీ ఎందుకు జరిగాయో మీకే అర్థమవుతుంది.

చిదంబరం మమ్మల్ని గోడ వారన ఎడంగా నిలబెట్టి, ఎదురుగా నేల మీద సుద్దతో గుర్తు పెట్టి అక్కడ కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చుంటే పాట నాలోంచీ రాదు, ఎడమదానిలోంచీ రాదు. మా మధ్య, ఏమీ లేని చోట, గాలిలో నిలబడి గాయకుడు పాడుతున్నట్లు ఉంటుంది. ఆయన పిల్లలు మణిమాల, భానోజీ ఆ కుర్చీ కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవారు.

చిదంబరం పోయాక పంపకాలు వచ్చాయి. మేనమామ గవర్రాజు పెద్దమనిషిగా కూర్చున్నాడు.

"మంచాలు రెండు, చెరోటి. బీరువాలు రెండు, చెరోటి. ఈ పాటల పెట్టెలు రెండు, ఇవీ చెరోటి. ఇందులో గొడవేటుందిరా?"

ఎవరికీ గొడవ కనబడలేదు. న్యాయమంటే రెండుగా కోయడమేనని ఆ ఇంట అందరి నమ్మకం. మణిమాల అప్పటికే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. భానోజీ బ్యాంకులో ఉన్నాడు. ఒక పెట్టెతో పాట సగమే వినిపిస్తుందని ఇద్దరికీ తెలుసు. "రెండూ నువ్వే ఉంచుకో" అని ఎదుటివారు అంటారేమోనని ఇద్దరూ చూశారు. ఇద్దరూ చూస్తూ ఉండటం వల్ల ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోవడం వల్ల ఇద్దరికీ కోపం వచ్చింది. కోపం రావడం వల్ల రాకపోకలు తగ్గాయి. మమ్మల్ని చెరొక రిక్షాలో ఎక్కించినప్పుడు నాలోని భయం మొదటిసారిగా చిన్న పగులులా తగిలింది.

నేను విజయనగరంలో మణిమాల ఇంట్లో పడ్డాను. నా మీద అల్లికల గుడ్డ, దాని మీద చిదంబరం ఫోటో. ఆమె నన్ను రోజూ తుడిచేది, ఒక్కసారీ మోగించలేదు. ఎడమది భీమిలిలో, సముద్రం వైపు కిటికీ ఉన్న భానోజీ గదిలో పడింది. అతను కిటికీ మూసే మనిషి కాదు. ఉప్పుగాలి జిగురులోకి దిగింది. జిగురు మెత్తబడి పొర బుడిపెలుగా లేచింది. లేచిన పొర మృదంగం దెబ్బకల్లా జరజరమంది. ఆ రొద భరించలేక అతను పాట మానేసి, దాని మీద మనీప్లాంటు కుండీ పెట్టాడు.

ఈ సంగతులన్నీ నాకు ఎడమదే చెప్పింది. అది మా ఇంటికి వచ్చిన రోజున.

వచ్చింది ఆటోలో. దానితో పాటు భానోజీ, వాళ్ల వెనక పాలిష్ పని చేసే అప్పలకొండ. భానోజీ గుమ్మం దగ్గర గడపను కాలితో తడిమి లోపలికి రావడం చూసి మణిమాల చేతిలోని గరిటె అక్కడే ఆగిపోయింది.

"ఎప్పటినించిరా?" అంది.

"కళ్లల్లో నీటికాసులన్నారు అక్కా. చూపు పక్కల నించి మూసుకొస్తోంది. మధ్యలో కొంచెం మిగిలింది, అదీ ఎన్నాళ్లో. నేను నీదాన్ని అడగడానికి రాలేదు."

"మరి దాన్ని మోసుకుని కుశలమడగడానికొచ్చావా?"

గుడ్డ అంచు కింద నుంచి నేను ఎడమదాన్ని చూశాను. చూడకపోయినా బాగుండేది. దాని పక్క మీద విస్తరంత మేర రోజ్‌వుడ్ లేదు. తెల్లటి ప్లైవుడ్, తోలు ఒలిచిన ఒంటిలా.

అప్పలకొండ చేతులు నలుపుకున్నాడు. "తప్పు నాదే అమ్మగోరూ. పెళ్లిళ్లకి తలుపులు పాలిష్ సేసేవోణ్ణి. మిషను పెట్టి కొత్తకర్ర తేలీదాకా గీకుతాను. టేకు తలుపు ఎంత గీకితే అంత కళ. ఈ బుడిపెలు పోగొట్టమన్నారు బాబుగోరు. ఇదీ అలగే అనుకున్నాను. ఇలా మిషనెట్టానో లేదో, అలా తెల్లగా వచ్చీసింది. దీనికి లోపల ఏటీ లేదని నాకేటి తెల్సు?"

"నీ తప్పు కాదులే. దాన్ని చూసి మోసపోయినవాళ్లలో నువ్వు మొదటివాడివి కాదు" అంది మణిమాల. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఏదో ఒక పొర అంటించుకోక, రంగు కలవకపోతే నీకేం?"

అన్నాక ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. భానోజీ నవ్వాడు. "రంగు నాకెందుకక్కా? ఇప్పటి పొరలు ఉల్లిపొట్టులా ఉన్నాయిట. అతుకు దగ్గర మెట్టు పడుతుంది. ఇక నాకు చూపంటే ఇవే," అని వేళ్లు చూపించాడు. "చెయ్యి వేసినప్పుడల్లా పుండు తగలడం నాకిష్టం లేదు."

ఒక పెట్టెతో ఏం వింటావని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. మధ్యలో గాలిలో నిలబడే గాయకుడు ఆ గదిలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి వెళ్లిపోయినట్లయింది.

అప్పుడే అప్పలకొండ, ఎవరూ అడగకుండానే, నా ప్రాణం మీదికి వచ్చే మాట అన్నాడు.

"దీని అడుగు పొర సెమ్మకి పుచ్చిపోనాది. దీని జతది ఉంటే దాని అడుగునించి తీసి ఎయ్యొచ్చు. ఒకే మందం, కర్ర మీద అవే సారలు. ఏదీ, ఆ గుడ్డ కిందున్నదేటి?"

మణిమాల వంటింట్లోకి వెళ్లింది. బతికాననుకున్నాను. తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒక చేతిలో ఇస్త్రీ పెట్టె, మరో చేతిలో అట్టు తిరగేసే పల్చటి అట్లకాడ ఉన్నాయి.

"వద్దక్కా. అది నాన్న ఫోటో కింద ఉన్నది" అన్నాడు భానోజీ.

"ఫోటో పైనుంది. నేను తీసేది అడుగున."

నన్ను బోర్లించారు. ఎన్నో ఏళ్లుగా నేల తప్ప ఎవరూ ఎరగని నా అరికాలు వెలుతురులో పడింది. ఆమె దాని మీద తడిగుడ్డ పరిచి, వేడి ఇస్త్రీ ఆనించింది. ఆవిరి బుస్సుమంది. జిగురు కరుగుతూ, నేను పుట్టిననాటి తోలు వాసన పైకి లేచింది. ఎడమదాన్ని ముప్పై ఏళ్లు కొరుక్కుతిన్న వేడీ తేమా ఇవే. తేడా ఒక్కటే. అక్కడ పట్టించుకోకపోవడం చేసిన పనిని ఇక్కడ పట్టింపు చేస్తోంది. ఒలిచే పొర దగ్గర ఈ తేడాకు ఎంత విలువో నన్ను అడగకండి. నాకు ఆచారి మాట ఒక్కటే వినిపిస్తోంది: అన్ని పక్కలా తొడుగుంటేనే తిన్నగా నిలబడతాది.

అట్లకాడ అంచు పొర కిందికి దూరింది. ఎక్కడో చిటుక్కుమంది. మణిమాల అట్లకాడను అక్కడే ఆపింది.

"ఆగు," అన్నాడు భానోజీ. నేల మీద కూర్చుని, నా మీద వేళ్లతో టకటకా కొడుతూ చెవి దగ్గరికి తెచ్చాడు. "ఇక్కడ బోలుగా ఉంది, వదిలేసింది. ఇక్కడ ఇంకా బిగువు. ఇక్కడ మళ్లీ ఇస్త్రీ పెట్టు."

"నీ చెవులు కుక్క చెవులురా. చిన్నప్పటి నించీ అంతే."

"కుర్చీ నాకిచ్చుంటే ఇంకా బాగుండేవి."

"నోరుముయ్యి, చెయ్యి కదులుతుంది."

అలా అతను విని చెబుతుంటే, ఆమె అంగుళం అంగుళంగా జరిపింది. విరుగుతానా, చీలుతానా అని నేను ప్రతి అంగుళానికీ చచ్చాను. చివరికి నా అరికాలి పొర చెక్కుచెదరకుండా ఆమె రెండు చేతుల్లోకి వచ్చింది. ఆమె దాన్ని అప్పుడే పుట్టిన బిడ్డలా పట్టుకుని, కాసేపు ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత అప్పలకొండకు ఇచ్చింది. అతను ఈసారి మిషను ముట్టుకోలేదు. చారల వెంట కత్తితో కోసి, ఎడమదాని గాయంలో ఇమిడ్చి, మీద బియ్యం బస్తా బరువు పెట్టాడు. మిగిలిన బుడిపెలను మణిమాలే ఇస్త్రీతో అణచింది. ఆరాక లక్క పాలిష్ పూశారు. నా ఒలిచిన అరికాలికీ, గాయానికి పసుపు అద్దినట్లు, అదే లక్క పూశారు.

"ఒకసారి భీమిలిలో రెండూ కలిపి వినిపించి, నాదాన్ని వెనక్కి తెచ్చుకుంటాను" అంది మణిమాల. ఆ మాటను పట్టుకునే నేను వ్యాను ఎక్కాను. ఎడమదాన్ని తినేసిన గదికి నన్ను తీసుకువెళుతున్నారు. అందులోనూ తేమ మొదట పట్టేది నేల నుంచే. ఇప్పుడు నాకు అరికాలు లేదు.

భీమిలి గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. ఉప్పువాసన ముందుగా నన్నే పలకరించింది. మమ్మల్ని గోడ వారన ఎడంగా నిలబెట్టారు. మణిమాల కొలిచి కుర్చీ వేసింది. భానోజీ తడబడుతుంటే భుజాలు పట్టి అందులో కూలేసింది. "కూర్చో. ఇన్నేళ్లూ దీనికోసమేగా ఏడ్చావు."

పాట మొదలైంది. ముందు తంబుర. తర్వాత మృదంగం. జరజర లేదు. ఎడమదాని దెబ్బ నేలలోంచి ప్రయాణించి నా పచ్చి అరికాలికి తగిలింది. పొర ఉన్న రోజుల్లో నాకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ తగలలేదు. భయంతో వణుకుతున్నానో, దానితో కలిసి మోగుతున్నానో నాకే తెలియలేదు.

మా ముందు నిలబడి ఉన్న మణిమాల వైపు భానోజీ చెయ్యి ఊపాడు.

"కొంచెం పక్కకి జరగక్కా. ఆయన మీద నిలబడ్డావ్."

ఆమె ఉలిక్కిపడి జరిగింది. తాను ఖాళీ చేసిన చోటువైపు తమ్ముడు రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండటం చూసింది. పాట అయ్యేదాకా గోడకు ఆనుకునే ఉంది.

వెళ్లేటప్పుడు అల్లికల గుడ్డనూ, చిదంబరం ఫోటోనూ సంచీలో పెట్టుకుంది. నా వైపు చూడలేదు. వ్యాను తలుపు పడింది. నేను లోపల లేను.

"అక్కా, నీదాన్ని మరిచిపోయావ్!" అని భానోజీ గుమ్మంలోంచి కేకేశాడు.

"మరిచిపోలేదు. సాయంత్రమయ్యేసరికి ఆ కిటికీ మూసి తగలడు!" అని రోడ్డు మీంచి జవాబు వచ్చింది.

ఇక్కడికి వచ్చి రెండు వానాకాలాలు దాటాయి. భానోజీకి మధ్యలో మిగిలిన వెలుతురు కూడా పోయింది. రోజూ పొద్దు వాలే వేళకు సముద్రం గాలి తిరుగుతుంది. నా అడుగున చల్లదనం పాకుతుంది. అతను కుర్చీ లోంచి లేచి, గోడ పట్టుకుని నడుస్తాడు. దారిలో ఎడమదాని అతుకు మీద చెయ్యి వేస్తాడు, మెట్టు తగలదు. ఒక్కొక్కరోజు అక్కడే ఆగిపోతాడు. ఆ కాసేపూ నేను ఊపిరి బిగబట్టి ఉంటాను. తర్వాత వేళ్లు కిటికీని వెతుక్కుంటాయి. గొళ్లెం పడిన చప్పుడు వినిపిస్తుంది. అది వినిపించాకే నేను పాటకు సిద్ధమవుతాను.