మావారు చేశారు

“ఆ డబ్బా కట్టేసి కాస్త టీ పెట్టు. అల్లుడొచ్చినప్పుడు చూస్తాడులే,” అన్నారు మావారు, పేపరులోంచి తల ఎత్తకుండా. టీ పెట్టి ఇచ్చి, మళ్లీ వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

నీటి సరఫరా కార్యాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందాను. గొట్టాలలో నీటి ఒత్తిడిని లెక్కగట్టే ప్రోగ్రామును ఆ రోజుల్లో నేనే రాశాను. అది కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకని నా కంప్యూటరు లోపలే పాతకాలపు కంప్యూటరునొకదానిని సృష్టించి, అందులో నడుపుతున్నాను. దానిని వర్చువల్ మెషీన్ అంటారు. ఆఫీసువారు తమ గదిలోనే కూర్చుని దానిని వాడుకుంటామన్నారు. సోమవారంలోగా వారికి అందకపోతే ఆ ప్రోగ్రాము శాశ్వతంగా మూలపడుతుంది.

మూడు రోజులు కుదరలేదు. పొరపాటు నాదే. నెట్‌వర్క్ అమరికను మొదట ఉన్నట్లే వదిలేశాను. ఆ పద్ధతిలో లోపలి యంత్రం బయటి యంత్రపు చిరునామా మీదనే బయటికి వెళ్లగలదు. దానిని వెతుక్కుంటూ ఎవరూ లోపలికి రాలేరు. నాలుగవ రోజు దానికి సొంత చిరునామా ఇచ్చి, ఆఫీసు నుంచి వచ్చే పిలుపును మాత్రమే పోనిచ్చేలా రౌటరులో దారి తెరిచాను. ఈ మధ్యలో వంట గాని, బట్టలు గాని, మావారి మాత్రలు గాని ఒక్క పూట కూడా ఆగలేదు. ఆగనిచ్చే ధైర్యం నాకు లేదు.

ఆ రోజు పదకొండింటికి ఆఫీసులోని ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది. నేను మౌస్ ముట్టుకోకుండానే తెర మీద బాణం కదిలింది.

“వచ్చేసింది మేడం! మావాళ్లు నెల్లాళ్లుగా కిందామీదా పడ్డారు. ఫారంలో రాయాలి, అక్కడ సెట్ చేసింది ఎవరని రాయనండీ?”

మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“మావారు,” అన్నాను.

అలా చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఆయన మాత్రం చొరవగా ఫోనందుకుని, “ఏముందమ్మా, పది నిమిషాల పని,” అన్నారు. ఆమె వివరాలు అడిగింది కాబోలు, “అవన్నీ మా ఆవిడ రాసుకుంది,” అంటూ తిరిగి నా చేతికిచ్చేశారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. “మా కోడలికి ఏమీ తెలియదు పాపం, అదే దాని మంచితనం,” అని అత్తగారు పదిమందిలో అంటే తల వంచుకుని నవ్విన దానను. నా నివేదికల కింద సంతకం చేసుకుని, “మీరు టైపు భలే చేస్తారండీ,” అన్న అధికారికి కృతజ్ఞతలు చెప్పిన దానను. దానికి సంస్కారమని పేరు పెట్టుకున్నాను.

“మేడం,” ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “ఈ మూడు రోజులూ నాతో మాట్లాడింది మీరేగా. చేసింది మీరేనని నాకు తెలుసు. ఇక్కడ కూడా ఫారంలో మా సారు పేరే రాయమన్నారు, పనంతా నేను చేస్తే. నిన్నట్నుంచీ ఏడుపొస్తోంది. మీరే అలా అన్నాక... పోన్లెండి, అందరం ఇంతే అనుకుని రాసేస్తాను.”

ఇంత చదువుకుని, ఇన్నేళ్ల తరువాత ఒక ఆడపిల్లకు నేను నేర్పింది ఇదా!

“రాయకు. నేను అబద్ధమాడాను. ఇటువైపు చేసింది నేను, అటువైపు నువ్వు. రెండు పేర్లూ రాయి.”

“ఏమిటది? నా పరువేం కాను?” అన్నారు మావారు.

ఫోను స్పీకరులో పెట్టాను.

“రాశావా తల్లీ? పైకి చదువు.”