పన్నెండింటికి తిప్పలేదు

"చూడవమ్మా, ఇదంతా నీ నిర్వాకమే!" అంటూ ఆసుపత్రి సూపరింటెండెంటు దుప్పటి లాగేశారు.

యలమందయ్య నడుము కింద అరచేయంత పుండు. లోపల ఎముక తెల్లగా కనపడుతోంది. మార్టూరు క్వారీలో రాయి దొర్లి వెన్ను విరిగిన మనిషి. నడుము కిందికి స్పర్శ లేదు. పుండు పడిన సంగతి అతనికే తెలియలేదు.

"నేనేం చేశానయ్యా?" అంది భార్య రాఘవమ్మ.

"పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పినట్టు చార్టులో ఉంది. నువ్వే మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టుంటావు. సిస్టర్, రిపోర్టు అట్లాగే రాయండి."

నర్సు కనకలక్ష్మి తల దించుకుంది. ఆ చార్టులో టిక్కులు ఆమెవే. ఆ పునరావాస ఆసుపత్రిలో అదొక ఆనవాయితీ. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కగానే సాయంత్రం దాకా గళ్లన్నీ నింపెయ్యాలి. రౌండ్సులో ఖాళీ గడి కనపడితే మెమో. ఆమె వార్డులో మంచాలు నలభై రెండు, నర్సులు ఇద్దరు, ఆయా ఒక్కతి. ఒక మనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఇంట్లో దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చి, రాగానే చేసే మొదటి పని అబద్ధం రాయడమా? ఆ దణ్ణం స్వామికి అందుతోందా?

మూడోనాడు యలమందయ్య జ్వరంతో పోయాడు.

"నా మొగుణ్ణి నేనే చంపుకున్నానా సిస్టరమ్మా?" అని అడిగింది రాఘవమ్మ.

"నువ్వు కాదమ్మా. తిప్పకుండానే తిప్పినట్టు నేను రాశాను," అంది కనకలక్ష్మి. వార్డంతా విన్నది.

మధ్యాహ్నం డ్రెస్సింగు గదిలో అన్ని వార్డుల నర్సులూ ఆమె మీద పడ్డారు.

"నీకేమన్నా మతి పోయిందా? మా అందరి ఉద్యోగాలూ ఊడతాయి!" అంది ఆమె వార్డులోనే చేసే జోడీ నర్సు రాజరాజేశ్వరి.

"మనం గళ్లు నింపినన్నాళ్లూ మనుషులు చాలరని పైవాళ్లకెలా తెలుస్తుందే?" అంది కనకలక్ష్మి.

"తెలియకేం!" అంది ఆయా జాన్‌బీ. "తెలిసే మీచేత రాయిస్తున్నారు. రాయి పడితే కూలోడి తప్పన్నాడు కాంట్రాక్టరు. పుండు పడితే పెళ్లాం తప్పంటున్నాడు ఈయన. రేపు మీ తప్పంటాడు, చూసుకోండి."

చివరికి రాజరాజేశ్వరే అంది, "సరే. చేసిందే రాద్దాం. చెయ్యనిది చెయ్యలేదనే రాద్దాం."

మర్నాడు అన్ని వార్డుల్లోనూ అదే రాత: తిప్పలేదు, మనుషులు చాలలేదు.

"ఎవరి పనిది?" సూపరింటెండెంటు కేకేశారు.

"మా అందరిదీనండి," అన్నారు నర్సులు.

"రాసింది నిజమేనయ్యా!" మంచంలోంచి అరిచాడు కాళ్లు పడిపోయిన అంకమ్మరావు. "నా కాళ్లకి నొప్పీ తెలీదు, నోరూ లేదు. వాటి తరఫున నేను చెబుతున్నా!"

మంచాలన్నీ గొల్లున నవ్వాయి. సూపరింటెండెంటు ముఖం కందిపోయింది. పదకొండింటికల్లా కనకలక్ష్మి చేతికి సస్పెన్షన్ కాగితం వచ్చింది. వాచ్‌మన్ గేటు దాకా వెంట నడిచాడు.

వార్డులో రాజరాజేశ్వరి, జాన్‌బీ ఇద్దరే మిగిలారు. పన్నెండింటికి మొదటి మంచం దగ్గర తిప్పడం మొదలుపెట్టారు. పద్నాలుగో మంచం అయ్యేసరికి రెండయింది. మళ్లీ మొదటి మంచానికి వేళయింది.

మిగిలిన చార్టులన్నిటిలో రాజరాజేశ్వరి రాసింది: పన్నెండింటికి తిప్పలేదు. సంతకం చేసింది.

"నాకు సంతకం రాదమ్మా," అంది జాన్‌బీ, సిరాలో బొటనవేలు ముంచుతూ. "ఎక్కడ వెయ్యాలో చూపించు."