ఫోనెత్తిన పెట్టె

"మరి మొన్నటి కార్డుకేం రోగమొచ్చింది?" కంచం ముందు కూర్చొనే హన్మంతు మళ్ళీ అడిగాడు.

"గది విండోస్‌తోనే పనిచేస్తది బాపూ. మన కంప్యూటర్ల ఉన్నది లినక్స్. ఇంకెన్నిసార్లు చెప్పాలె?" అంది స్వరాజ్యం.

"ఇయ్యాల గిదన్న పనిచెయ్యాలె. లేకుంటే కంప్యూటర్ అమ్మేస్త."

"ముందు అన్నం తినున్రి," అంది అతని భార్య సులోచన, పప్పు వడ్డిస్తూ.

ముందు చీరల దుకాణం, వెనక ఇల్లు. రెండింటికీ ఒకటే ఫోను. బిల్లు పెరుగుతుందని, ఎవరూ ఫోన్లు చెయ్యకుండా దాని డయలుకు హన్మంతు తాళం వేశాడు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ దుకాణానికి చీరలు నేసి పంపే దుబ్బాక నేతగాళ్లు చేసే ఫోన్లు ఎవరూ ఎత్తరు. పాలిటెక్నిక్ చదివే స్వరాజ్యం, కంప్యూటర్‌తోనే ఎత్తిస్తానంది. లినక్స్‌తో పనిచేసే మోడెం కోసం కోఠి అంతా తిరిగి, పాత కార్డు ఇచ్చేసి ఫోనును కంప్యూటరుకు కలిపే ఈ నల్లపెట్టె తెచ్చింది.

ఫోను మోగింది.

"ఎవలు ఎత్తకున్రి!" అంది స్వరాజ్యం.

పెట్టె మీద ఎర్రదీపాలు వెలిగాయి. "నమస్తే. మీ మాట చెప్పున్రి," అంది పెట్టె, స్వరాజ్యం గొంతుతో. నానమ్మ భారతమ్మ మనవరాలి నోటికేసి చూసింది. అది మూసే ఉంది. హన్మంతు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"స్వరాజ్యమా? నేను, దుబ్బాక బాలయ్యను. తిన్నవా బిడ్డా?"

బాలయ్య జవాబు కోసం ఆగాడు. ఎంతకీ మాట వినపడకపోయేసరికి పెట్టె ఫోను పెట్టేసింది. అతను మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"ఇంత దూరం తెచ్చి, పెద్దమనిషిని ఎల్లగొట్టిస్తున్నవా?" అన్నాడు హన్మంతు. స్వరాజ్యం కళ్ళు నిండాయి.

భారతమ్మ ముందుకు జరిగింది. "ఆయన తిన్నవా అంటే నువ్వు పలుకకపోతివి. ఇగ ఎట్ల మాట్లాడుతడు? గా మాట ముందుగాల్నే చెప్పిపెట్టు పిల్లా."

స్వరాజ్యం గబగబా మైకు అందుకుంది. "నమస్తే. మేమందరం తిన్నం, మంచిగున్నం. నా జవాబు కోసం ఆగకున్రి, చెప్పుకుంట పోన్రి."

ఫోను మోగింది. పెట్టె పలికింది.

"మంచిది బిడ్డా," అన్నాడు బాలయ్య దగ్గుతూ. "నీలి అంచు చీరలు మగ్గం దిగినయి. రేపు పొద్దటి బస్సుల పంపుత. గీడ వాన మంచిగ పడ్డది. కోడలు మీ అవ్వను అడిగినట్టు చెప్పుమన్నది..."

ఫోను ఆగిపోయింది. స్వరాజ్యం ఏదో నొక్కింది. పెట్టెలోంచి మళ్ళీ అదే గొంతు, అదే దగ్గు, అదే వాన.

హన్మంతు పెట్టె దగ్గరికి వంగాడు. "బాలయ్య ఫోన్ పెట్టేసిండు గదా?"

"పెట్టేసిండు."

"మాట గీడనే ఉన్నదా?"

"ఉన్నది బాపూ."

మళ్ళీ పెట్టమన్నాడు. వానమాట వచ్చినప్పుడు సులోచన కిటికీలోంచి పొడి ఆకాశం వైపు చూసింది.

హన్మంతు చెయ్యి కడుక్కొని, మొలతాడుకున్న తాళంచెవి విప్పి, డయలు తాళం తీశాడు. ఆ తాళాన్ని కూతురి ముందు పెట్టి అందరి వైపూ చూశాడు.

"కంప్యూటర్ గీడనే ఉంటది," అన్నాడు మెల్లగా. "ఇగ ఫోనుకు తాళం ఉండది."