నూటొకటో చిక్కు

చదరంగం మాస్టారి పుస్తకం అచ్చుకు వెళ్ళాలంటే అందులోని నూటొక్క చిక్కులనూ ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజన్‌తో సరిచూసి పంపాలని ప్రెస్సాయన షరతు పెట్టాడు.

"ఈ కాలం పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయమ్మా. మాస్టారు మూడెత్తుల్లో ఆటకట్టు అన్నచోట రెండెత్తుల్లోనే అయిపోయిందనుకోండి, మర్నాటికల్లా నా పరువు బజార్న పడుతుంది," అన్నాడు.

చనిపోయిన మాస్టారి పరువు సంగతి ఏమీ అనలేదు. మాస్టారి భార్య అది గమనించింది గానీ పైకి అనలేదు. కాఫీ మాత్రం కాస్త పల్చగా కలిపి ఇచ్చింది.

సరిచూసే పని మరిదిది. అతనూ ఒకప్పుడు అన్నగారి దగ్గర ఆట నేర్చుకున్నవాడే. వారమంతా బీమా ఆఫీసులో కుర్చీ అరగదీసి, ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగేవాడు. భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చునేవారు. మాస్టారి నోటుపుస్తకం చూసి ఏ గడిలో ఏ పావుందో ఆవిడ చదివేది, అతను మెషీన్లో పేర్చేవాడు. ఆవిడకు ఆట రాదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఏ పావు ఎటు నడుస్తుందో మాత్రం తెలుసుకుని, అంతకుమించి తెలుసుకుంటే ఇంట్లో వంట చేసే దిక్కుండదని అక్కడితో ఆపేసింది.

ఆ బల్ల దగ్గరే, మరిది పక్కన, కిటికీకి వీపు పెట్టి ఉండే కుర్చీ మాస్టారిది. ఎనిమిది నెలలుగా అందులో ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు కూడా. ఇస్త్రీ బట్టల దొంతర ఒకటి దాని మీద పెట్టి, ఆ ప్రశ్నే రాకుండా చేసింది ఆవిడ.

ఒక్కో చిక్కు అల్లడానికి మాస్టారు వారాల తరబడి కంచంలో చెయ్యి ఎండబెట్టుకున్న మనిషి. ఇంజన్ రెండు సెకన్లలో తేల్చేసేది.

"చూశారా వదినా, రెప్పపాటు!"

"దానికేం, పెళ్ళామా, కడుపా," అనేది ఆవిడ.

పదిహేడో చిక్కులో మెషీన్ ఇంకో దారి పట్టింది. మాస్టారు మంత్రితో మొదలుపెట్టిన చోట ఏనుగుతో మొదలుపెట్టినా ఆట కట్టేస్తుందట. రెండు జవాబులున్న చిక్కు పనికిరాదట. మరిది మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఓ పక్కన ఒక నల్ల బంటును అదనంగా పెడితే ఆ దారి మూసుకుపోతుందన్నాడు.

"పెట్టు. ఆయనుంటే వారం రోజులు నీతో మాట్లాడేవారు కాదు," అందావిడ. నోటుపుస్తకంలో పేజీ తిప్పి, "ఇప్పుడెలాగూ మాట్లాడరు," అంది.

అలా అయిదు ఆదివారాలు గడిచాయి. వందా పూర్తయ్యాయి. మిగిలింది ఒక్కటే.

నూటొకటో చిక్కు ఆస్పత్రిలో పుట్టింది. అప్పటికి మాస్టారి వేళ్ళకు పెన్ను పట్టు చిక్కడం లేదు. మంచం మీద దిండ్లకు చేరగిలి ఆయన, కాళ్ళ వైపు స్టూలు మీద ఆవిడ. ఇద్దరి మధ్య మందుల బల్ల, దాని మీద అరచేతంత పాకెట్ బోర్డు. పావుల అడుగున అయస్కాంతాలుంటాయి గనక దుప్పటి లాగినా కదలవు. ఆయన చూపించిన గడిలో ఆవిడ పావు పెట్టేది. చివరికి, "గీసుకో, బొమ్మ చెడకుండా గీసుకో," అంటే నోటుపుస్తకంలో ఉన్నదున్నట్టు గీసింది. కింద, 'తెల్ల ఆడి నాలుగెత్తుల్లో ఆటకట్టు' అని ఆయన చెప్పగా రాసింది. ఉన్నదున్నట్టు అంటే మరీ ఉన్నదున్నట్టే. బోర్డు మూల మీదున్న మరకను కూడా చిన్న సున్నా చుట్టి చూపించింది. ఆ సున్నా ఏ పావని, నకలు చూసిన ప్రెస్సాయన ఫోన్ చేసి మరీ అడిగాడు.

మరిది బొమ్మలో ఉన్నట్టే పేర్చి మీట నొక్కాడు. రెండు సెకన్లయింది. రెండు నిమిషాలయింది. మెషీన్ లోపల ఫ్యాను గిర్రున తిరిగింది.

"ఏమంటోంది?"

"ఆటకట్టు లేదంటోంది వదినా. పైగా నల్లదే పైచేయంటోంది." అతను తెర వంక తప్ప ఎటూ చూడలేదు. "దీన్ని వదిలేద్దాం. వంద అంటే వినడానికీ నిండుగా ఉంటుంది."

"మళ్ళీ చూడు."

"చూశా. ఆస్పత్రిలో ఈ బొమ్మ చూసి అన్నయ్యను ఆ మంగళవారమే జవాబు అడిగా కదా. బంటును గుర్రం చెయ్యాలి, మంత్రిని చేస్తే చెడుతుంది అన్నాడు. బంటేమో ఇంకా బయల్దేరిన గడి దాటలేదు! అది చివరి వరుసకు చేరి ఇంకో పావు కావాలంటేనే అయిదెత్తులు కావాలి. నాలుగెత్తుల చిక్కులో అదెలా కుదురుతుంది? మాస్టారనే మనిషి నోట రావలసిన మాట కాదది. అప్పుడే నాకు గుండె జారిపోయింది. డాక్టరుకు చెప్పింది కూడా అందుకే."

ఆవిడకు తెలుసు. పక్కనే ఉంది. డాక్టరు చీటీ మీద ఏదో రాసుకుని, జబ్బు తలకెక్కిందమ్మా, ఇక ఆయన మాటలు పట్టించుకోకండి, ఏమన్నా సరేననండి అన్నాడు. బుధవారం పొద్దున్న మాస్టారు మొదలుపెట్టారు. "ఇంటికెళ్దామోయ్. నా కుర్చీలో కూర్చుంటా." గురువారమూ అదే మాట. ఆవిడ పసిపిల్లలకు చెప్పే గొంతుతో, "అలాగే వెళ్దాం లెండి, రేపు," అంటూ వచ్చింది. శుక్రవారం ఆయన అడగడం మానేశారు. కాస్త నెమ్మదించారని ఆవిడ సంతోషించింది. శనివారం మధ్యాహ్నం ఆవిడ మందుల చీటీతో కింది అంతస్తుకు వెళ్ళి వచ్చేసరికి అంతా అయిపోయింది.

అయినా ఈ చిక్కు గీసిన పూట ఆయన కళ్ళు ఎలా ఉన్నాయో ఆవిడ చూసింది. ఆ కళ్ళు తలచెడ్డ మనిషివి కావు. ఆయన చివరగా చేసిన పని పిచ్చి పనని పుస్తకంలోంచి తీసేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆవిడవల్ల కాలేదు.

"ఉండు," అని లేచి బీరువాలోంచి పాకెట్ బోర్డు తెచ్చింది. "దీని మీద పేర్చి చూద్దాం. మీ మెషీన్ తెలివి మెషీన్ది."

"మెషీన్ కాదంటే బోర్డు ఔనంటుందా వదినా?" అన్నాడు గానీ మూత తీశాడు.

బోర్డు మూల మీద మరక అలాగే ఉంది. ఎర్రటి మందు మరక. మాస్టారు కుడిచేత్తో మందు మూత అందుకోబోయి ఒలకబోసుకున్నారు. పడింది ఆయన కుడిచేతి కిందే. "గడి నంబరు రాసుకో, ఇదో కొత్త పావు," అని నవ్వారు కూడా.

ఆవిడ నోటుపుస్తకం చూసింది. సున్నా ఎడమవైపు, పై మూలన ఉంది.

బోర్డు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది. ఎదురుగా కూర్చున్న మరిది కుడిచెయ్యి తన ఎడమ పక్కనుంది.

"ఏమయ్యా," అంది నెమ్మదిగా, "ఆయన ఎటువైపు నుంచి ఆడతారు?"

"ఎటువైపేమిటి? తెల్లవి తనవైపే పెట్టుకుంటాడు. తెల్ల బంట్లు తన దగ్గర్నుంచి ఎదురుగా పోతాయి."

"నేను ఎదురుగా కూర్చున్నాను కదా."

"అయితే?"

"నాకు కనబడ్డట్టు గీశాను."

ఆవిడ నోటుపుస్తకాన్ని తలకిందులుగా తిప్పి అతని ముందుకు తోసింది. ఇప్పుడు సున్నా కుడివైపు, కింది మూలకు వచ్చింది. బయల్దేరని బంటు చివరి వరుసకు ఒక్క గడి దూరంలో ఉంది.

అతను మళ్ళీ పేర్చాడు. మీట నొక్కాడు. ఈసారి ఫ్యాను తిరిగే పని కూడా పడలేదు.

"నాలుగు!" అని కుర్చీలోంచి లేచిపోయాడు. "నాలుగెత్తుల్లో ఆటకట్టు! మొదటి ఎత్తే బంటు గుర్రం కావడం! మంత్రిని చేశారనుకోండి, నల్లరాజుకు కదిలే చోటుండదు, ఆట డ్రా అయిపోతుంది. గుర్రమే కావాలి! అబ్బ, అన్నయ్యా! ఆ స్థితిలో పడుకుని ఇదెలా అల్లావురా నాయనా!"

ఆవిడకు నవ్వొచ్చేసింది. ఎనిమిది నెలల్లో అంత నవ్వు ఇదే. "తప్పంతా నాదన్నమాట! ఆయన చేసింది సరిగ్గానే ఉందన్నమాట!" అని బల్ల మీద అరచేత్తో కొట్టింది. "పెట్టించు, నూటొకటీ పెట్టించు. ఆ డాక్టరుకో పుస్తకం పంపుదాం. తలకెక్కిందట! ఎవరికి ఎక్కిందో..."

అక్కడ ఆగింది.

మరిది ఇంకా నిలబడే ఉన్నాడు. అతని మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపుండి, తర్వాత పోయింది.

"ఆయన నీకు జవాబు చెప్పింది మంగళవారం కదూ?"

"వదినా..."

"ఇంటికెళ్దామన్నది బుధవారం."

"డాక్టరే కదా వదినా అన్నాడు. నేను ఆ మాట చెప్పబట్టే గానీ... నేను చెప్పకపోయుంటే..." అతను లాప్‌టాప్ మూత దించేశాడు.

"నువ్వు బొమ్మ చూసి చెప్పావు. బొమ్మ నేను గీశాను."

వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాక గింజుకుంటోంది. గుర్రానికీ మంత్రికీ ఉన్న తేడా తెలిసిన మనిషికి, పసిపిల్లలకు చెప్పే గొంతు తెలియకుండా ఉంటుందా అనుకుంది ఆవిడ. 'రేపు వెళ్దాం లెండి' అన్నప్పుడల్లా ఆయన తన మొహం వంక కాసేపు చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగేవారు. శుక్రవారం నెమ్మదించలేదాయన. ఇక అడిగి లాభం లేదని తెలుసుకున్నారు.

"ఆస్పత్రి నుంచి ఇంటికి ఎంతసేపు?" అంది.

ఇరవై నిమిషాలని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి ఆవిడ లేచి, మాస్టారి కుర్చీలోని ఇస్త్రీ బట్టల దొంతర తీసి సోఫాలో పెట్టింది. కుర్చీలో కూర్చుంది. పాకెట్ బోర్డు మరక తన కుడిచేతి కిందకు వచ్చేలా తిప్పుకుంది. చిక్కును మొదట్నుంచీ పేర్చి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, ఒక్కో గడీ స్కేలు పెట్టి గీయడం మొదలుపెట్టింది.

"నేను గీస్తా వదినా, ఇటివ్వండి," అన్నాడు మరిది కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు కూర్చో. ఇటువైపు నుంచి గీయడం నాకు ఇదే మొదలు."

సగం గీశాక తలెత్తింది. ఎదురుగా ఇన్నాళ్ళూ తను కూర్చున్న కుర్చీ, దాని వెనక తెరిచిన తలుపులోంచి వంటిల్లు కనబడుతున్నాయి. పొయ్యి, గట్టు, తను నిలబడి కూరలు తరిగే చోటు అన్నీ కనబడుతున్నాయి. కంచంలో చెయ్యి ఎండబెట్టుకుని ఆయన ఎటు చూస్తుండేవారో ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

తల దించి, బంటు ఉన్న గడిలో బంటును గీసింది. కింద జవాబు రాసింది. కుడివైపు కింది మూలన చిన్న సున్నా చుట్టింది.

"ప్రెస్సాయన మళ్ళీ అడుగుతాడు వదినా, అదేం పావని."

"అడగనీ," అందావిడ.