మూడోసారి అడగాలి

ఆ ఊళ్ళో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారే పుచ్చుకోవడం మర్యాద కాదు. కాఫీ పోస్తామన్నా, కారులో ఇంటి దగ్గర దింపుతామన్నా, రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగితే అప్పుడు మనసులో ఉన్న మాట చెప్పాలి. ఆర్లిస్ మిన్నెసోటాలోని ఆ పొలాల మధ్యే పుట్టి, అక్కడే ముసలిదైంది. ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడదే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

తోటికోడలు డెల్ఫా మర్నాడు పొద్దున్నే రైలెక్కి ఆరెగాన్‌లో ఉన్న తన చెల్లెలు అయోన్ దగ్గరికి వెళ్ళిపోతోంది. భర్త పోయాక ఇల్లు అమ్మేసింది. ఆర్లిస్ భర్త అంతకు ముందే పోయాడు. “నా దగ్గరే ఉండిపో అక్కా” అని ఆర్లిస్ రెండుసార్లు అడిగింది. ఒకసారి డెల్ఫా భర్త సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తూ, ఇంకోసారి చర్చిలో కోట్లు తొడుక్కుంటూ. రెండుసార్లూ “అబ్బే, నీకెందుకు శ్రమ” అనే అంది డెల్ఫా. ఆ ఊరి లెక్కలో అవి జవాబులు కావు. అసలు జవాబు రావాలంటే ఇంకొక్కసారి అడగాలి. కాదంటే ఎలాగన్నది ఆర్లిస్ భయం. అడక్కుండా పంపేస్తే ఎలాగన్నది అంతకంటే పెద్ద భయం. ఆమె జీవితంలోంచి వెళ్ళిపోయినవాళ్ళందరూ ఆమె ఏదో అడగబోతుండగానే వెళ్ళిపోయారు.

చర్చిలో క్రిస్మస్ అమ్మకానికి పొడి పంచదార పూసిన చాక్లెట్ బిస్కెట్లు చెయ్యడం ఏటా ఆర్లిస్ వంతు. సాయానికి డెల్ఫా ఆర్లిస్ వంటింట్లోకి వచ్చింది. రాత్రంతా చలిలో పెట్టిన పిండి గట్టిగా ఉంది. గబగబా ఉండ చుట్టి, తెల్లగా పట్టేలా పంచదారలో దొర్లించి, పొయ్యిలో పెట్టాలి. కాలేసరికి ఆ తెలుపు పగుళ్ళు విచ్చాలి. ఆర్లిస్ ఒక్కో ఉండనూ అరచేతుల్లో తిప్పుతూనే ఉండిపోతోంది.

“ఎంతసేపు నిమురుతావే దాన్ని? అదేమన్నా పిల్లిపిల్లా?” అంది డెల్ఫా.

“చేతులు వేడిగా ఉన్నాయి.”

“చేతులు కాదు, బుర్ర.”

మొదటి పళ్ళెం పాడైంది. మెత్తబడిన పిండి పంచదారనంతా పీల్చేసుకుంది. పగుళ్ళు లేవు, తెలుపు లేదు.

“వానలో తడిసిన గొర్రెల్లా ఉన్నాయి. పాస్టరు గారికి పంపు. ఆయన చూసి తినే మనిషి కాదు.”

ఆర్లిస్ నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళింది, తిరిగొచ్చింది, పొయ్యి తలుపు తీసి మళ్ళీ వేసింది.

“అక్కా, నేనేమంటున్నానంటే...”

“ఆ పంచదార డబ్బా ఇలా తే.”

తెచ్చింది. “అక్కా...”

“అయోన్ వంట ఎప్పుడైనా తిన్నావా నువ్వు? బంగాళాదుంపలు ఉడకబెట్టమన్నా మాడ్చి పెడుతుంది.”

“అక్కా, ఒక్క మాట...”

“ముందు పళ్ళేనికి వెన్న రాయి.”

డెల్ఫా కావాలనే మాట సాగనివ్వడం లేదు. ఆర్లిస్ చేతిలోని ఉండను బల్లమీద పెట్టేసి, ఒక్క గుక్కలో అడిగేసింది. “నా దగ్గర ఉండిపోతావా, ఉండవా?”

డెల్ఫా చెయ్యి పంచదారలోనే ఆగిపోయింది.

“ఉండను.”

ఈసారి అబ్బే లేదు, శ్రమ మాటా లేదు.

“నీ ఇంట్లో చచ్చేదాకా నేను చుట్టాన్నే. మెత్తటి దిండు నాకిస్తావు, నేను వద్దంటాను, నువ్వు మళ్ళీ ఇస్తావు. ఇద్దరం మెడలు పట్టేసి లేస్తాం. అయోన్‌తో అయితే పోట్లాడొచ్చు. ఆ దిండు లాక్కుని దాని నెత్తినే వేస్తాను.”

“మరి పొద్దుట్నుంచీ నన్ను నోరెత్తనివ్వలేదేం?”

“అడిగితే నిజం చెప్పాలి కదే.”

“అయితే అడక్కుండా ఉండాల్సింది నేను.”

“అడక్కపోతే రేపు రైల్లో ఏడ్చేదాన్ని” అంది డెల్ఫా, చేతులకేసి చూసుకుంటూ.

రెండో పళ్ళెం తీశారు. తెల్లటి పూత విచ్చుకుని నల్లటి పగుళ్ళు తేలాయి. బాగున్నాయని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆర్లిస్ వాటిని కాసేపు చూసింది. నోటికి ఇంకేదో మాట వచ్చింది.

“నువ్వెప్పుడూ ఉండలు పెద్దవి చేస్తావు. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చెబుదామనుకుంటున్నాను.”

“ఇప్పుడా చెప్పడం?”

“రేపు ఉండవుగా.”

డెల్ఫా గిన్నెలోంచి గుప్పెడు పిండి తీసి, చంటిపిల్లాడి పిడికిలంత ఉండ చుట్టి, పళ్ళెం నట్టనడుమ పెట్టింది. ఆర్లిస్ దాన్ని తీసి రెండు ముక్కలు చేసింది.

“తియ్యకే నా ఉండ.”

“ఇది నా వంటిల్లు.”

“అందుకేగా ఉండనన్నది” అంది డెల్ఫా, ఆ ముక్కలు రెండూ లాక్కుని మళ్ళీ ఒకటిగా చుడుతూ.