తీగ చివర రంగు

నీలిమంట.

సన్నగా, నిటారుగా, చప్పుడు లేకుండా...

అక్క కర్టెన్ లాగేసింది. మధ్యాహ్నం కాస్తా మాయమైంది. ఇక ల్యాబులో వెలుగంటే ఆ బర్నరు మంటే.

బల్ల మీద రేకు డబ్బా. డబ్బాలో తెల్లపొడి.

పిండి అనుకుని చెల్లెలు దానితోనే రొట్టె చేసుకు తింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. కాళ్ళు కదలడం లేదు. చేతులు కదలడం లేదు. ఊపిరి కూడా బరువెక్కుతోంది.

తలుపు దగ్గర మరిది, చెల్లెలి మొగుడు. ఇటుకల కార్ఖానాలో మట్టి కలుపుతాడు. అక్కడ రెండు సంచులు — ఒకటి సుద్ద, ఒకటి ఇటుకల మీద తెల్లమచ్చలు రాకుండా కలిపే విషం. రెండూ తెల్లనే. ఇంట్లో ఎలుకలని చెల్లెలు పోరు పెడితే దోసెడు పొడి తెచ్చి, పిండి డబ్బా పక్కనే పెట్టాడు మహానుభావుడు!

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

"ఏ సంచిలోంచి తీశారు?"

"చీకట్లో తీశాను వదినా... సుద్దే అయ్యుంటుంది."

అయ్యుంటుందట!

విషమైతే దానికి మందుంది. పొడి సుద్దే అయ్యి జబ్బు ఇంకేదో అయితే, ఆ మందు ఎక్కిస్తే గుండె ఆగుతుంది. రక్తపరీక్ష ఇంకా రాలేదు. డాక్టరు ఫోన్లోనే ఉన్నాడు.

సుద్దలోది కాల్షియం. ఎర్రగా మండుతుంది.

విషంలోది బేరియం. ఆకుపచ్చగా మండుతుంది.

అక్క తీగను ఆమ్లంలో తడిపింది. పొడిలో అద్దింది. మంటలో పెట్టింది.

భగ్గుమని పసుపు!

"ఆకుపచ్చ కాదు! చూడండి వదినా, ఆకుపచ్చ కాదు కదా!" మరిది ఏడుస్తూ నవ్వాడు.

పసుపు... ఎంత హాయిగా ఉంది. అక్క మనసు దాన్నే పట్టుకుని వేలాడింది. ఒక్క క్షణం.

తర్వాత తన వేళ్ళు చూసుకుంది. తడిగా ఉన్నాయి.

ఇందాక కళ్ళు తుడుచుకుంది. ఆ చేత్తోనే వంగిన తీగను సరిచేసింది. కొత్తగా చేరినవాళ్ళని ఈ తప్పుకే ఎన్నిసార్లు తిట్టిందో! మంటలో వెలిగింది పొడి కాదు. ఆమె కన్నీళ్ళలోని ఉప్పు. అంత ఉప్పు మండుతుంటే వెనక ఏ రంగున్నా కనిపించదు.

"ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ చెయ్యాలి."

"వద్దు వదినా..."

"నాకు మాత్రం చెయ్యాలనుందా?"

తీగను ఆమ్లంలో ముంచింది. కాల్చింది. పసుపు. ముంచింది. కాల్చింది. ఇంకా పసుపు... ముంచింది. కాల్చింది.

నీలం.

మళ్ళీ పొడి అద్దింది. ఈసారి చేతులకు గ్లవుజులున్నాయి. ఊపిరి బిగబట్టింది.

ప్రతి పరమాణువు లోపలా మెట్లుంటాయి. ఎలక్ట్రాన్లు ఆ మెట్ల మీదే ఉండాలి. మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలబడే చోటే లేదు. వేడి తగిలితే పైకి ఎగురుతాయి — అక్కడ ఉండలేవు. పడతాయి. పడుతూ, ఎగరడానికి తీసుకున్నదాన్ని వెలుగుగా వదిలేస్తాయి. ఎవరి మెట్ల ఎత్తు వాళ్ళది. ఎవరి రంగు వాళ్ళది. బతిమాలితే మారదు.

ఎరుపు రావాలి. దేవుడా, ఎరుపు.

చెల్లెలికి చిన్నప్పుడు మెట్లంటే భయం. మధ్యలో ఆగిపోయి అక్కా అని అరిచేది. పైకి రాదు, కిందికి దిగదు. అక్క వెళ్ళి చెయ్యి పట్టుకోవాల్సిందే.

మంటలో ఏమీ లేదు. నీలం... నీలం...

బేరియం త్వరగా బయటపడదు. అక్కకి తెలుసు.

అంచున ఏదో కదిలింది.

లేతగా. చిగురంత లేతగా. ఆకుపచ్చ.

ఛీ, ఎంత అందంగా ఉంది!

మరిది గోడకి జారి కూలబడ్డాడు. "నేనే వదినా... నా చేతులతో నేనే..."

అతన్ని తిట్టడానికి చాలా ఉంది. ఇప్పుడు కాదు. అక్క ఫోను అందుకుంది.

"బేరియం, డాక్టర్ గారూ. అనుమానం లేదు."

"మందు మొదలుపెడుతున్నాం. ఊపిరి బాగా తగ్గింది. లైన్లో ఉండండి."

ఫోన్లో అడుగుల చప్పుడు. ఏదో బండి చక్రాలు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. తర్వాత ఏమీ వినిపించలేదు. లైను మాత్రం తెగలేదు.

తీగ చివర పొడి అయిపోయింది. ఆకుపచ్చ పోయింది.

అక్క బర్నరు వైపు చెయ్యి చాపింది.

"ఆర్పకండి వదినా," అన్నాడు మరిది. "కాసేపు ఉండనివ్వండి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫోను చెవికి ఆనించుకుని ఆమె. నేల మీద అతను. మధ్యలో నీలిమంట —

సన్నగా, నిటారుగా, చప్పుడు లేకుండా...