కళ్ళద్దాలు తీసే చేయి

ఆ ఉదయం దుప్పటి ఉతకడం అది మూడోసారి. అత్తగారు పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరిగిపోతోందని మంచం పట్టె పట్టుకుని కేకలు పెడుతోంది, వాంతి చేసుకుంటోంది. కోడలు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉండగా భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఒక కాగితం.

"నీ రాజీనామా నేనే టైపు చేశాను. సంతకం పెట్టి ఇచ్చేస్తే చాలు. అమ్మకి మనిషి కావాలి."

ఇంట్లో ఇద్దరం ఉన్నాం కదా, అందులో మనిషిని నేనొక్కదాన్నేనా అనుకుంది. పైకి అనలేదు. నురగ కడుక్కుని, కాగితం తడవకుండా రెండు వేళ్ళతో పట్టుకుని సంచిలో పెట్టుకుంది.

నాలుగు రోజుల క్రితం, అత్తగారికి తల తిరగడం మొదలైన పూటే ఆమె చెప్పింది. చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయి, అవి జారి పడకూడని చోట పడ్డాయి, తలని ఒక పద్ధతిలో తిప్పితే మళ్ళీ వాటి చోటికి పోతాయి, అయిదు నిమిషాల పని అని. వినికిడి, తల తిరుగుడు చూసే క్లినిక్‌లో తొమ్మిదేళ్ళుగా రోజూ చేస్తున్న పనే. భర్త చెయ్యి అడ్డం పెట్టాడు. "మా అమ్మ మీద ప్రయోగాలొద్దు." మంచం మీది నుంచి అత్తగారు అందుకుంది. "మీటలు నొక్కేదానికి వైద్యం ఎందుకమ్మా! నన్ను పెద్ద డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళు నాయనా."

పెద్ద డాక్టరు గారంటే ఆ క్లినిక్ డాక్టరే. ఆయన అపాయింట్‌మెంట్ దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల దుప్పట్లూ ఆమే ఉతికింది.

ఈ పని ఆమెకి ఉద్యోగం ఒక్కటే కాదు. ఆమె తల్లి కూడా ఇలాగే తూలేది. ఫోన్ చేస్తే "నాకేంటే, రాయిలా ఉన్నాను" అనేది. కిందటేడు మెట్ల మీద తూలి పడి చనిపోయింది. వెళ్ళి చూస్తే, పొయ్యి పక్కన గోడ మీద భుజమెత్తున ఒక అరచేతి మరక కనిపించింది. ఎన్నేళ్ళు ఆ గోడ పట్టుకుని వండిందో. దినాలు కాకుండానే అన్నయ్య ఆ గోడకి రంగు వేయించేశాడు.

ఆ మధ్యాహ్నం క్లినిక్‌లో డాక్టరు గారు అత్తగారిని రెండు నిమిషాలు చూశారు. "చాలా చిన్న సమస్యండీ. మా అమ్మాయి, అదే మీ కోడలు, లోపల పడుకోబెట్టి అద్దాలు పెడుతుంది. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది ఎలా జరుగుతుందో ఆ క్లినిక్‌లో అందరికీ తెలుసు. పేషెంటు కళ్ళకి నల్ల కళ్ళద్దాలు బిగిస్తారు. లోపల అంతా చీకటి. అద్దాల్లోని కెమెరా వల్ల కళ్ళు ఎటు కొట్టుకుంటున్నాయో తెర మీద కనిపిస్తుంది. తల పట్టుకోవడం, వెనక్కి వాల్చడం, తిప్పడం, వాంతికి గిన్నె పట్టడం అన్నీ ఆమె చేతులే. "డాక్టరు గారు వచ్చారా?" అని చీకట్లోంచి అడిగితే "ఇక్కడే ఉన్నారండీ" అనాలి. చివర్లో ఆయన వచ్చి "అయిపోయింది, లేవండి" అని అద్దాలు తీస్తారు. చీకటి పోగానే పేషెంటుకి కనిపించేది ఆయన ముఖం. దండాలన్నీ ఆ ముఖానికే. "రోగికి ధైర్యం ముఖ్యమమ్మా" అంటారాయన. తొమ్మిదేళ్ళు ఆమె గిన్నె పట్టుకుని గోడ వైపు జరిగింది.

అత్తగారికి అద్దాలు పెట్టింది. భుజాలు పట్టుకుంది.

"డాక్టరు గారు వచ్చారా?"

నోటి చివర దాకా వచ్చిన అలవాటు మాటని మింగేసింది.

"లేరు అత్తయ్యా. నేనే చేస్తాను. చెయ్యమంటేనే."

"ఆయనెప్పుడొస్తారు?"

"అయిపోయాక."

"అయిపోయాక రావడమేంటి, విడ్డూరం కాకపోతే!" అంది అత్తగారు. తర్వాత గొంతు తగ్గించి, "చెయ్యి మరి. పడేసేవు" అంది.

తల పక్కకి తిప్పి ఒక్కసారిగా వెనక్కి వాల్చింది. తెర మీద కళ్ళు దడదడ కొట్టుకున్నాయి. "పడిపోతున్నానే!" అని అత్తగారు ఆమె మణికట్టు మీద గోళ్ళు దింపింది. "నా చేతుల్లో ఉన్నారు. కళ్ళు మూయకండి." కళ్ళు నెమ్మదించాయి. తలని రెండో వైపు తిప్పింది, ఆగింది. మనిషిని పక్కకి దొర్లించింది, ఆగింది. మెల్లగా లేపి కూర్చోబెట్టింది. వసారాలో డాక్టరు గారి బూట్ల చప్పుడు వినిపించింది. రోజూ ఈ చప్పుడుకే ఆమె పక్కకి జరిగేది.

ఇవాళ జరగలేదు. అద్దాలు తనే తీసింది.

అత్తగారు ఆమె ముఖం చూసింది, గోటిగాట్లు పడిన మణికట్టు చూసింది. ఒకసారి మళ్ళీ పడుకుని అటూ ఇటూ ఒత్తిగిలి చూసుకుంది. గది కదలలేదు. అప్పుడే డాక్టరు గారు గుమ్మంలోకి వచ్చి, తియ్యడానికి ఏమీ లేక, చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నారు. అత్తగారు కంగారుగా లేచి, ఆయనకే రెండు చేతులూ జోడించింది.

ఆమెకి ఆశ్చర్యం వెయ్యలేదు. కోపం వచ్చింది. అద్దాలు తుడిచి పక్కన పెట్టింది.

డాక్టరు గారు పళ్ళు బిగించి అన్నారు: "నేను రాకముందే తీసేశావేం?"

"పని అయిపోయింది సార్."

వసారాలో భర్త ఆత్రంగా ఎదురొచ్చాడు. "డాక్టరు గారు తగ్గించేశారా? ఆ కాగితం ఇచ్చేశావా?"

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. గోడకి ఆనించి, వెనక వైపు పెద్ద అక్షరాలతో రాసింది. రెండు రోజులు తల కింద రెండు దిండ్లు. లేచేటప్పుడు ఒకరు భుజం పట్టుకోవాలి. వాంతి అయితే దుప్పటి వెంటనే నానబెట్టాలి. రాసి అతని చేతిలో పెట్టింది.

"ఇదేంటి? ఇవన్నీ ఎవరు చెయ్యాలి?"

"అత్తయ్యకి మనిషి కావాలన్నారుగా," అని, ఆమె తర్వాతి పేషెంటుని పిలవడానికి లోపలికి వెళ్ళింది.